పోకర్ సాధనలో వీడియో గేములు, సాఫ్ట్‌వేర్

పోకర్ నేర్చుకోవడానికి, ఆడే తీరు మెరుగుపరచుకోవడానికి వాడే కంప్యూటర్ ఆటలు, లెక్కకట్టే ప్రోగ్రాములు, శిక్షణ యాప్‌లు, ఏ స్థితిలో ఎలా ఆడాలో లెక్కగట్టి చూపే సాల్వర్లు ఈ వ్యాసానికి విషయం. 1970ల చివర కాసినోల్లో వచ్చిన వీడియో పోకర్ యంత్రాలతో మొదలైన ఈ సరంజామా, 2015 తర్వాత విశ్వవిద్యాలయాల కృత్రిమ మేధ పరిశోధనతో పూర్తిగా రూపు మార్చుకుంది. తెలంగాణలో డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో పోకర్ ఆడటం 2017 నుంచి నిషేధం. అందుకే ఇక్కడి పాఠకుడికి ఈ సాఫ్ట్‌వేర్ పందెపు బల్లకు దారి చూపేది కాదు. సంభావ్యత, తర్కం, సగమే తెలిసిన సమాచారంతో నిర్ణయం తీసుకోవడం నేర్పే విద్యగానే దాన్ని చూడాలి. ఆ పని అది డబ్బు లేనప్పుడే బాగా చేస్తుంది.

తెలుగునాట పేకాట, చట్టం

వనపర్తి జిల్లా పెద్దమందడి లాంటి మండలాల్లో పత్తాలాట అంటే పెద్దలకు రమ్మీ, లేదంటే మూడు ముక్కలాట. దసరాకో దీపావళికో నలుగురు కూర్చుంటే పేక కలిపేది ఈ రెంటికే. పోకర్ అక్కడికి అరుగు మీది నుంచి కాక ఫోన్ తెర మీది నుంచి వచ్చింది. కానీ నైపుణ్యమా, అదృష్టమా అని పోకర్ గురించి ప్రపంచమంతా వాదించుకునే ప్రశ్నను పేకాట విషయంలో సుప్రీంకోర్టు గట్టిగా తేల్చింది తెలుగు నేల మీది కేసులోనే.

1963 మే నెలలో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌పై పోలీసులు దాడి చేశారు. రమ్మీ ఆడుతున్నవారితోపాటు క్లబ్ నిర్వాహకుల మీదా నాటి హైదరాబాద్ జూద చట్టం కింద కేసు పెట్టారు. మేజిస్ట్రేటు శిక్ష వేస్తే హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967 నవంబర్ 22న ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, కె. సత్యనారాయణ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ అప్పీలును తోసిపుచ్చింది. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది పట్టాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి రమ్మీలో నైపుణ్యం పాలే ఎక్కువని తేల్చింది. మూడు ముక్కలాటను మాత్రం కేవలం అదృష్టపు ఆటల్లో చేర్చింది. రమ్మీ ఆడించి నిర్వాహకులు లాభం గుంజుకుంటే అది జూదగృహమే అవుతుందనీ హెచ్చరించింది.

ఆ తీర్పు నీడలో యాభై ఏళ్లు గడిచాయి. 1974 నాటి గేమింగ్ చట్టంలోనూ నైపుణ్యపు ఆటలకు మినహాయింపు ఉండేది. ఫోన్లు, చౌక డేటా వచ్చాక పరిస్థితి తిరగబడింది. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, ఆ ఏడాదే దాన్ని చట్టం చేసింది. కొంత నైపుణ్యం, కొంత అదృష్టం కలిసిన ఆటను డబ్బు పెట్టి ఆడితే దానికి ఇక నైపుణ్యపు ఆట అన్న రక్షణ లేదు. ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ రెండూ ఆ దెబ్బకే ఆగాయి. 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా అదే బాట పట్టింది. మిగతా చోట్ల మాట ఒకటిగా లేదు. పశ్చిమ బెంగాల్ 1957 నాటి చట్టం పోకర్‌ను జూదం నిర్వచనం నుంచే మినహాయించింది. గుజరాత్ హైకోర్టు 2017లో పోకర్‌ను జూదమేనంది. ఒకే ఆటను ఒక రాష్ట్రం విద్య అని, ఇంకో రాష్ట్రం వ్యసనం అని అనడానికి కారణం ఆటలోనే ఉంది. ఒక్క పంపకంలో అదృష్టమే రాజు. వేల పంపకాల మీద నైపుణ్యం పైకి తేలుతుంది. సాఫ్ట్‌వేర్ ఈ రెంటినీ విడదీసి చూపగలదు. దాని అసలు విలువ అక్కడే ఉంది.

రమ్మీ వచ్చినవారికి పోకర్

పోకర్‌లో ఎక్కువగా ఆడే రకం టెక్సస్ హోల్డెమ్. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి పంచుతారు. మధ్యలో అందరికీ ఉమ్మడిగా మూడు ముక్కలు తెరుస్తారు, ఇది ఫ్లాప్. తర్వాత టర్న్ పేరుతో ఒకటి, రివర్ పేరుతో మరొకటి. ప్రతి దశలోనూ పందెం ఉంటుంది. ఏడు ముక్కల్లో మేలైన ఐదింటితో చెయ్యి కట్టాలి.

మూడు ముక్కలాట అలవాటైనవారు మొదట తడబడేది విలువల వరుస దగ్గర. అక్కడ సీక్వెన్సు (వరుస ముక్కలు) కలర్ (అన్నీ ఒకే రంగు ముక్కలు) కంటే పెద్దది, ఇక్కడ కలరే పెద్దది. కారణం లెక్కలో ఉంది. 52 ముక్కల్లోంచి మూడేసి ముక్కలు 22,100 రకాలుగా వస్తాయి. వాటిలో సాదా సీక్వెన్సులు 720, కలర్లు 1,096. ఐదేసి ముక్కలైతే 25,98,960 రకాలు. అందులో సాదా సీక్వెన్సులు 10,200, కలర్లు 5,108 మాత్రమే. ఈ రెంటి మధ్య అరుదైనదే పెద్దది అన్న సూత్రం రెండు ఆటల్లోనూ ఒకటే. ముక్కల సంఖ్య పెరిగేసరికి ఏది అరుదో మారిపోయింది, అంతే. లెక్కల ఉపాధ్యాయుడు తరగతిలో నిరభ్యంతరంగా వాడుకోగల ఉదాహరణ ఇది.

యంత్రాల కాలం

కాసినోలో మనిషి లేకుండా తెర మీద పోకర్ ఆడించే యంత్రాన్ని జనంలోకి తెచ్చినవాడు అమెరికన్ వ్యాపారి సై రెడ్. తర్వాత ఐజీటీగా పేరుపడ్డ ఆయన కంపెనీ 1979లో డ్రా పోకర్ యంత్రాన్ని విడుదల చేసింది. ఐదు ముక్కలు వస్తాయి, కావలసినవి ఉంచుకొని మిగతావి మార్చుకోవచ్చు. ఉంచుకునే తీర్లు సరిగ్గా 32. ప్రతి తీరుకూ సగటు రాబడి ఎంతో కంప్యూటర్ తేల్చి చెప్పగలదు. ఎదుట మనిషి లేడు, బలం లేకున్నా ఉన్నట్టు పందెం కాసే బ్లఫ్ లేదు, కాబట్టి ప్రతి ప్రశ్నకూ ఒక్కటే సరైన జవాబు.

అందువల్ల సాఫ్ట్‌వేర్ సాధన మొట్టమొదట పండింది వీడియో పోకర్‌లోనే. శిక్షణ ప్రోగ్రాము ముక్కలు పంచుతుంది, ఆటగాడు తప్పు ముక్క వదిలితే ఆపి చెబుతుంది, ఆ తప్పు ఖరీదు ఎంతో చూపుతుంది. జాకీల జంట చేతిలో ఉండి, నాలుగు ముక్కలు ఇస్పేటు అయితే ఏది ఉంచాలి? కొత్తవాడి చెయ్యి కలర్ వైపు పోతుంది. లెక్క జంట వైపు చూపుతుంది. అదే జంట ఐదులదైతే జవాబు తిరగబడి కలర్ వైపు పోవాలి. జాక్స్ ఆర్ బెటర్ అనే రకంలో ఫుల్‌హౌస్‌కు (ఒకే విలువవి మూడు, ఇంకో విలువవి రెండు) తొమ్మిదింతలు, కలర్‌కు ఆరింతలు ఇచ్చే యంత్రం మీద ఒక్క తప్పూ లేకుండా ఆడినా తిరిగొచ్చేది నూటికి 99.54. ఎనిమిది, ఐదింతలిచ్చే యంత్రమైతే 97.3. తప్పులేని ఆటతో కూడా యజమానిదే పైచెయ్యి అని ఏ బోధకుడూ చెప్పలేనంత స్పష్టంగా ఈ అంకెలు చెబుతాయి.

మనుషుల్లాంటి ప్రత్యర్థులతో ఆడించే గేములు 1990ల నాటికి ఇళ్లలోని కంప్యూటర్లకు వచ్చాయి. విల్సన్ సాఫ్ట్‌వేర్ వారి టర్బో టెక్సస్ హోల్డెమ్ ఆ తరానికి పాఠశాల. తర్వాత వినోదం పాలు పెరిగింది. టెలివిజన్ టోర్నమెంట్ల పేర్లతో గేములు వచ్చాయి, 2007లో జింగా పోకర్ సామాజిక మాధ్యమాల్లోకి చొరబడింది. ఓపెన్ సోర్సుగా ఉచితంగా దొరికే పోకర్‌టీహెచ్ ఒక పక్కన నిలబడింది. నియమాలు, వరుస, పందెం ఎవరి వంతుకు ఎలా వస్తుందన్నది నేర్చుకోవడానికి ఇవి చాలు. అంతకు మించి వీటిని నమ్మరాదు. వినోదపు గేములో కంప్యూటర్ ప్రత్యర్థి చాలాసార్లు ఒకే ధోరణిలో ఆడుతుంది. దాన్ని ఓడించే కిటుకు పట్టుబడితే ఆట వచ్చేసిందన్న భ్రమ కలుగుతుంది.

ఉచిత చిప్పుల బల్లలది ఇంకో సమస్య. పోగొట్టుకుంటే నొప్పిలేని చిప్పులతో ఆడే మనిషి ప్రతి పంపకమూ చూస్తానంటాడు, తోచినప్పుడు ఉన్నదంతా తోస్తాడు. అతని మీద బ్లఫ్ పనిచేయదు. మంచి చెయ్యి కోసం కాచుకొని కూర్చున్నవాడు ఆ బల్లలన్నీ గెలుస్తాడు, నేర్చుకునేది మాత్రం కొంచెమే. డబ్బు ఆటలు నడిపే యాప్‌లు ఉచిత సాధన బల్లలను గుమ్మంగా పెట్టుకోవడానికి కారణమూ ఇదే. అక్కడ సులువుగా వచ్చిన గెలుపు, లోపలి గది కూడా అంత సులువేనని నమ్మిస్తుంది. సాధన పరికరాలన్నింటిలోకీ జాగ్రత్తగా చూడవలసినది ఈ ఉచిత బల్లలనేనని ఈ వ్యాసకర్త గట్టి అభిప్రాయం.

మూడే ముక్కలతో బ్లఫ్ లెక్క

పోకర్ సాఫ్ట్‌వేర్ గుండెను అర్థం చేసుకోవడానికి కంప్యూటర్ అక్కర్లేదు. 1950లో గణితవేత్త హెరాల్డ్ కూన్ ప్రతిపాదించిన చిన్న ఆట చాలు. రాజు, రాణి, జాకీ, మూడే ముక్కలు. ఇద్దరూ చెరొక గింజ మధ్యలో పెడతారు. చెరొక ముక్క పంచుకుంటారు, మూడోది మూసే ఉంటుంది. మొదటివాడు ఇంకో గింజ పందెం కాయవచ్చు, ఊరుకోవచ్చు. అతను ఊరుకుంటే రెండోవాడికి పందెం అవకాశం. పందెం ఎదురైనవాడు గింజ పెట్టి చూడాలి, లేదా వదిలేయాలి. పెద్ద ముక్క గెలుస్తుంది.

రాజు ఉన్నవాడు పందేనికి వెనకాడడు, జాకీ ఉన్నవాడు పందెం ఎదురైతే వదిలేస్తాడు. ఆట అంతా మధ్యన ఉంది. మొదటివాడు ఊరుకున్నాక రెండోవాడి చేతిలో జాకీ ఉంటే? ఎప్పుడూ బ్లఫ్ చేయకపోతే అతని పందెం అంటే రాజే అని ఎదుటివాడు గ్రహించి రాణితో తప్పుకుంటాడు. ఎప్పుడూ బ్లఫ్ చేస్తే రాణి ధైర్యంగా చూసేస్తుంది. సమతూకం ఎక్కడంటే, జాకీ వచ్చిన మూడుసార్లలో ఒకసారి బ్లఫ్. అప్పుడు అతని నాలుగు పందేల్లో మూడు రాజువి, ఒకటి జాకీది అవుతాయి. రాణి పట్టుకున్నవాడు మధ్యనున్న మూడు గింజల కోసం ఒక గింజ పెట్టాలి కాబట్టి నాలుగింట ఒకసారి గెలిస్తే అతనికి లాభనష్టాల్లేవు. చూసినా, వదిలేసినా ఫలితం ఒకటే. ఎదుటివాణ్ని ఆ అయోమయంలో ఉంచడమే ఇక్కడ కౌశలం. అలాగే మొదటివాడు పందెం కాసినప్పుడు రాణి ఉన్న రెండోవాడు మూడింట ఒకసారి చూడాలి. ఇద్దరూ తప్పులేకుండా ఆడితే మొదటివాడు సగటున ఆటకు గింజలో పద్దెనిమిదో వంతు నష్టపోతాడు. ముందు మాట్లాడినందుకు అతను కట్టే సుంకం అది.

బ్లఫ్ అంటే ముఖకవళికలు, గుండెధైర్యం అనుకునేవారికి ఈ చిన్న ఆట కళ్లు తెరిపిస్తుంది. అబద్ధం ఎన్నిసార్లు ఆడాలన్నదానికీ ఒక లెక్క ఉంది. ఆ లెక్క పందెం సైజును బట్టి మారుతుంది. పాట్‌లో, అంటే మధ్యన పోగైన మొత్తంలో, సగం పందెం కాస్తే నాలుగింట ఒకటి బ్లఫ్ కావచ్చు. పాట్ అంతా కాస్తే మూడింట ఒకటి.

హోల్డెమ్‌లో ఇదే పని చేయడానికి అర్ధశతాబ్ది పైగా పట్టింది. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయ బృందం 2007లో ప్రకటించిన పద్ధతిలో ప్రోగ్రాము తనతో తానే కోట్లసార్లు ఆడుతుంది. ప్రతి నిర్ణయం తర్వాత, ఇక్కడ వేరే పని చేసి ఉంటే ఎంత కలిసొచ్చేదని లెక్కవేస్తుంది. ఏ పని చేయనందుకు ఎక్కువ చింత మిగిలిందో దాన్ని తర్వాతి విడతల్లో ఎక్కువగా చేస్తుంది. ఇలా చేస్తూపోతే సగటు ఆట, ఎవరూ దోచుకోలేని సమతూకం దగ్గరికి చేరుతుంది. ఆ ఏడాది అక్కడి పొలారిస్ ప్రోగ్రాము ఇద్దరు వృత్తి ఆటగాళ్ల చేతిలో స్వల్ప తేడాతో ఓడి, 2008లో లాస్ వేగాస్‌లో గెలిచింది. 2015 జనవరిలో సెఫియస్ ప్రోగ్రాము ఫలితాలు సైన్స్ పత్రికలో వచ్చాయి. పందెం సైజు స్థిరంగా ఉండే ఇద్దరి హోల్డెమ్ దాదాపు పూర్తిగా పరిష్కారమైంది. దానికి 4,800 ప్రాసెసర్లు 68 రోజులు పనిచేశాయి.

పందేనికి హద్దులేని ఆట ఇంకా కఠినం. 2017 జనవరిలో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన నోమ్ బ్రౌన్, టువొమాస్ సాండ్‌హోమ్ తయారుచేసిన లిబ్రాటస్ నలుగురు మేటి ఆటగాళ్లతో 20 రోజుల్లో 1,20,000 పంపకాలు ఆడి స్పష్టంగా గెలిచింది. ఆటగాళ్లు రాత్రిళ్లు కూర్చొని దాని లోపాలు వెతికేవారు. అది కూడా రాత్రిళ్లు తన లోపాలు పూడ్చుకునేది. 2019లో అదే ద్వయం చేసిన ప్లూరిబస్ ఆరుగురి బల్ల మీద గెలిచింది. దాని మూల వ్యూహాన్ని తయారుచేయడానికి 64 కోర్ల ఒక్క సర్వరు మీద ఎనిమిది రోజులు పట్టింది, అద్దె లెక్కన 150 డాలర్ల లోపే. నాలుగేళ్లలో వేల ప్రాసెసర్ల పని ఒక్క సర్వరుకు దిగింది. మామూలు మనిషి బల్ల మీదికి సాల్వరును తెచ్చింది ఇలాంటి పరిశోధనే.

సాధన పరికరాలు, వాడే తీరు

అన్నిటికన్నా తేలికైనది గెలుపు శాతం చూపే లెక్కల యంత్రం. రెండు చేతుల ముక్కలు ఇస్తే ఎవరు నూటికి ఎన్నిసార్లు గెలుస్తారో చెబుతుంది. పోకర్‌స్టవ్ ఈ కోవలో పాత పేరు, ఇప్పుడు ఉచిత యాప్‌లు బోలెడు. దీని ముందు ఒక సాయంత్రం కూర్చున్నా ఊహలు సర్దుకుంటాయి. ఆసుల జంట, రాజుల జంట మీద నూటికి సుమారు 82సార్లు గెలుస్తుంది, అంటే ఐదున్నర ఆటలకు ఒకటి పోతుంది. ఆసు, రాజు పట్టినవాడి మీద వేరువేరు రంగుల ఏడు, రెండు లాంటి పనికిరాని చెయ్యి కూడా దాదాపు మూడోవంతు గెలుస్తుంది. నాకే ఎందుకిలా అవుతుంది అని తల పట్టుకునేవాడికి ఈ అంకెలే ఓదార్పు. చేతికి కలర్ కావడానికి ఒక ముక్క తక్కువైతే పనికొచ్చే ముక్కలు తొమ్మిది. ఫ్లాప్ తర్వాత వాటిని నాలుగుతో, టర్న్ తర్వాత రెండుతో హెచ్చిస్తే శాతం దగ్గరదగ్గరగా వచ్చేస్తుంది. నాలుగు తొమ్ములు 36, అసలు లెక్క 35.

రెండోది ఆడిన ఆటల చిట్టా. 2001లో వచ్చిన పోకర్‌ట్రాకర్ దీనికి ఒరవడి. ప్రతి పంపకాన్నీ దాచి, ఎన్ని చేతులకు స్వయంగా డబ్బు పెట్టాడు, ఎన్నిటిలో పందెం పెంచాడు, ఏ స్థానంలో కూర్చున్నప్పుడు నష్టపోతున్నాడు అన్నది పట్టిక కడుతుంది. చాలామంది దీన్ని ఎదుటివారి మీద కన్నుగా వాడారు. తన మీద తాను వాడుకున్నవారే బాగుపడ్డారు.

మూడోది, నేటి సాధనకు కేంద్రం, సాల్వరు. 2015లో వచ్చిన పయోసాల్వర్‌తో వృత్తి ఆటగాళ్ల ఇళ్లకు చేరింది. తర్వాత ముందే లెక్కగట్టిన జవాబులను చందాకు ఇచ్చే జీటీవో విజార్డ్ లాంటివి వచ్చాయి. టెక్సస్‌సాల్వర్ లాంటి ఉచిత ఓపెన్ సోర్సు ప్రోగ్రాములూ ఉన్నాయి. వాడేవాడు ఇద్దరు ఆటగాళ్ల దగ్గర ఏయే చేతులు ఉండవచ్చో, పాట్ ఎంతో, ఏయే సైజుల పందేలకు అవకాశం ఇవ్వాలో చెప్పాలి. సాల్వరు సమతూకం వెతికి, ప్రతి చేతితోనూ ఎంత శాతం పందెం, ఎంత శాతం ఊరకుండటం అన్నది రంగుల పట్టికగా చూపుతుంది.

ఈ రంగుల పట్టికే చాలామందిని ముంచింది. రెండు ముక్కలతో వచ్చే చేతులు 1,326. ఏ రంగు అన్నది పక్కనపెట్టి, రెండూ ఒకే రంగా కాదా అన్నది మాత్రమే చూస్తే 169 రకాలు. ఫ్లాపులు వేలు. ఇన్నిటికి శాతాలు బట్టీపట్టడం మనిషికి సాధ్యం కాదు, పట్టినా పనికిరాదు. ఇచ్చిన చేతుల జాబితా తప్పయితే సాల్వరు తప్పు ప్రశ్నకు కచ్చితమైన జవాబు చెబుతుంది. అడగవలసింది శాతం కాదు, కారణం. ఈ ఫ్లాప్ మీద తరచూ చిన్న పందెమే ఎందుకు? ఎందుకంటే పెద్ద ముక్కలు నాకే ఎక్కువ తగిలి ఉండవచ్చు, ఎదుటివాడి చేతులు చాలా వరకు చెడ్డవి, కొంచెం ఒత్తిడికే పడిపోతాయి. రివర్ మీద ఈ బలహీనమైన చేతితోనే బ్లఫ్ ఎందుకు, దానికంటే మెరుగైన దానితో ఎందుకు కాదు? ఎందుకంటే నా చేతిలోని ఈ ఆటీను ముక్క ఎదుటివాడి దగ్గర కలర్ ఉండే అవకాశాన్ని తగ్గిస్తోంది. ఇలాంటి వాక్యం ఒకటి తనంతట చెప్పగలిగినప్పుడు ఆటగాడు ఒక మెట్టు ఎక్కినట్టు.

అనుభవజ్ఞులు అనుసరించే పద్ధతి పాఠశాల పద్ధతికి దగ్గరగా ఉంటుంది. సాల్వరు తెరవడానికి ముందే తన జవాబు, దానికి కారణం కాగితం మీద రాసుకోవాలి. తర్వాత తెరిచి పోల్చాలి. తేడా చిన్నదైతే వదిలేయాలి. పెద్దదైతే ఒక్క అంశం మార్చి మళ్లీ నడపాలి: పందెం సైజు మార్చితే ఏమైంది, ఎదుటివాడు ఎప్పుడూ బ్లఫ్ చేయడని చెబితే జవాబు ఎటు పోయింది. చివరి ప్రశ్న చాలా విలువైనది. సమతూకపు ఆట ఎవరికీ చిక్కకుండా కాపాడుతుంది. ఎదుటివాడి తప్పును సొమ్ము చేసుకోవాలంటే మాత్రం అక్కడి నుంచి పక్కకు జరగాలి. ఎంత జరగాలో తెలియాలంటే ముందు మధ్యగీత ఎక్కడుందో తెలియాలి. ప్రశ్నలడిగి మార్కులు వేసే శిక్షణ యాప్‌లు ఇదే పనిని చిన్న మోతాదులో చేస్తాయి. ఫోన్ మాత్రమే ఉన్నవారికి అవి చాలు.

వీటిని చదువుకోవడానికి వాడాలి తప్ప ఆట నడుస్తుండగా చూసి ఆడటం మోసం. పెద్ద ఆన్‌లైన్ వేదికలు దాన్ని నిషేధించాయి. పట్టుబడినవారి ఖాతాలు మూసి సొమ్ము జప్తు చేస్తాయి.

గెలుపును కొలవడంలో చిక్కు

సాధన ఫలించిందో లేదో జేబు చూసి తెలుసుకోవచ్చని అనుకోవడం సహజం, కానీ పొరపాటు. పందేనికి హద్దులేని ఆరుగురి బల్లలో బాగా ఆడేవాడు నూరు పంపకాలకు సగటున ఐదు పెద్ద బ్లైండ్లు గెలుస్తాడనుకుందాం. బ్లైండ్ అంటే ప్రతి పంపకంలోనూ తప్పనిసరిగా పెట్టే పందెం. నూరు పంపకాల్లో సాధారణంగా కనిపించే ఎగుడుదిగుడు, గణితభాషలో ప్రామాణిక విచలనం, సుమారు 90 బ్లైండ్లు. పదివేల పంపకాలయ్యేసరికి అతని సగటు లాభం 500 అయితే ఎగుడుదిగుడు 900 అవుతుంది. అంటే నిజంగా మెరుగైన ఆటగాడు సైతం పదివేల పంపకాల తర్వాత నష్టంలో ఉండే అవకాశం నూటికి దాదాపు 29. ఓడేవాడు లాభంలో కనిపించే అవకాశమూ ఇలాగే ఉంటుంది. గత నెల బాగా కలిసొచ్చింది కాబట్టి నాకు ఆట వచ్చేసిందన్న నమ్మకంతో అప్పుచేసి కూర్చున్నవాణ్ని ముంచేది ఈ అంకెలే. వానల మీద, వలస కూలి మీద బతికిన పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా) ఇళ్లలో అలాంటి ఒక్క నెల చాలు, ఏడాది కష్టం పోవడానికి.

అందుకే సాఫ్ట్‌వేర్ గెలుపోటములను పక్కనపెట్టి నిర్ణయాన్ని కొలుస్తుంది. ఈ పంపకంలో నీ ఎంపిక సగటున ఎంత పోగొడుతుంది అన్నదొక్కటే దానికి కావాలి. మంచి నిర్ణయం తీసుకొని ఓడిపోయినవాడికి నువ్వు సరిగ్గానే ఆడావని, చెడు నిర్ణయంతో గెలిచినవాడికి ఇది తప్పని నిష్పక్షపాతంగా చెబుతుంది. ఒక్క పైసా పందెం లేకుండానే ఈ కొలత దొరుకుతుంది.

రమ్మీ, చదరంగం

తెలుగువారికి పోకర్ కన్నా దగ్గరైన రమ్మీకి ఇంత సరంజామా సమకూరలేదు. ఒక్క పేకలోంచి పదమూడు ముక్కల చేతులు 63,501 కోట్లకు పైగా వస్తాయి. రమ్మీకి రెండు పేకలు, జోకర్లు కలుస్తాయి. ప్రతి వంతులోనూ ముక్క పట్టడం, వేయడం రెండు నిర్ణయాలు. పోకర్‌లో పనిచేసిన పద్ధతులు ఇక్కడ బరువెక్కుతాయి. వ్యాపారం మాత్రం రమ్మీ చుట్టూనే పెరిగింది. దీపక్ గుళ్లపల్లి 2000ల రెండో సగంలో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన ఏస్‌టూత్రీ దేశంలో తొలి ఆన్‌లైన్ రమ్మీ వేదికల్లో ఒకటి. తర్వాత ఏ23గా పేరు మార్చుకొని పోకర్‌నూ చేర్చుకుంది. సొంత రాష్ట్రంలో 2017 తర్వాత దానికి డబ్బు ఆటలు నడిపే వీలు లేకపోయింది.

యంత్రం దగ్గర నేర్చుకొని మనిషితో ఆడటం ఎలా ఉంటుందో చూడాలంటే తెలుగునాట చదరంగం చూడాలి. 2001లో గ్రాండ్‌మాస్టరైన పెంటేల హరికృష్ణ, 2002లో పదిహేనేళ్లకే ఆ హోదా పొంది, 2019లోనూ 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచిన కోనేరు హంపి, 2024 డిసెంబర్ జాబితాలో 2800 రేటింగ్ దాటిన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి, వీరంతా ఇంజిన్ల కాలపు, అంటే ఎత్తులను లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాములతో సాధన చేసే కాలపు, ఆటగాళ్లు. పోకర్ సాల్వరు చేసేదీ ఆ ఇంజిన్ పనే. తేడా ఏమిటంటే, చదరంగం ఇంజిన్ ఒక మంచి ఎత్తు చూపుతుంది, పోకర్ సాల్వరు రెండు మూడు ఎత్తులను ఏ పాళ్లలో కలపాలో చూపుతుంది. బోర్డు మీద దాగిందేదీ ఉండదు, పేకలో సగం దాగే ఉంటుంది.

నేటి స్థితి

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టాన్ని ఆమోదించింది. రాష్ట్రపతి ఆగస్టు 22న సంతకం చేశారు. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ అది నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉంటుంది. ప్రకటనలిచ్చేవారికి రెండేళ్లు, 50 లక్షలు. ఏ23 నడిపే హెడ్ డిజిటల్ వర్క్స్ ఆ నెలలోనే కర్ణాటక హైకోర్టులో సవాలు చేసింది. వివిధ హైకోర్టుల్లోని ఇలాంటి కేసులను సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది.

అదే చట్టం పందెం లేని సామాజిక ఆటలను వేరుగా గుర్తించింది. పందెంగా కాక కేవలం వాడుకకు చెల్లించే చందాను తప్పుపట్టలేదు. గెలుపు శాతం లెక్కించే యాప్, ఓపెన్ సోర్సు సాల్వరు, కంప్యూటర్ ప్రత్యర్థితో చిప్పులకు విలువ లేకుండా ఆడే గేము, వీటిలో ఎక్కడా డబ్బు చేతులు మారదు. డబ్బు ఆటల వ్యసనంలో పడ్డవారికి, వారి ఇంటివారికి కేంద్ర ప్రభుత్వ టెలిమానస్ సహాయ కేంద్రం 14416 నంబరులో తెలుగులోనూ ఉచితంగా సలహా ఇస్తుంది.